తాళాల మేడం గొంతు

కాలేజీలో ఆమె అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలందరికీ ఆమె తాళాల మేడం. వెనకాల అలాగే అనేవారు, ఎదురుగానూ అలాగే అనేవారు. కొత్తగా చేరిన పిల్లవాడొకడు అదే ఆమె పేరనుకుని, సెలవు కోసం రాసుకొచ్చిన కాగితం మీద "గౌరవనీయులైన తాళాల మేడం గారికి" అని పెట్టాడు. ఆమె చదివి, సంతకం చేసి ఇచ్చేసింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నది తాళాలు తీసే పనే అయినప్పుడు ఆ పేరుకి అలగడం దేనికి?

అవి ఇనప తాళాలు కావు. ప్రతి సెమిస్టర్ ముందూ పిల్లలు తాము చదవబోయే కోర్సులను కంప్యూటర్లో ఎంచుకోవాలి. ఎంచుకుందామని తెరిస్తే ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఎర్రటి తాళం బొమ్మ కనిపిస్తుంది. సలహాదారు దగ్గరికి వెళ్ళి, ఏం చదవాలనుకుంటున్నారో, ఏం మిగిలిపోయిందో మాట్లాడుకుంటే అప్పుడు సలహాదారు ఆ తాళం తీస్తారు. తామంతట తాము రానివాళ్ళకి సలహాదారే ఫోన్ చేసి పిలవాలి. అంతవరకే ఆ ఉద్యోగం. తాళం తీయగలరు, వేయగలరు. పిల్లల బదులు కోర్సు నమోదు చేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

మిగతా సలహాదారులు తెర మీద ఓ చూపు చూసి "బానే ఉంది, పో" అని తీసేసేవారు. ఈమె దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి, తెరని తన వైపు తిప్పేసుకుని, "ఇప్పుడు చూడకుండా చెప్పు. ఏమేం తీసుకుంటున్నావు? ఒక్కోటీ ఎందుకు?" అనేది.

"ఇది మా ఫ్రెండు తీసుకుంది మేడం."

"మరి పరీక్ష కూడా మీ ఫ్రెండే రాస్తుందా?"

"ఇది... సాయంత్రం క్లాసు కదా అని మేడం."

"పొద్దున లేవలేవన్నమాట. సరే, అదీ కారణమే. ఇంకోటి చెప్పు."

నిజం చెప్తే బద్ధకాన్నైనా ఒప్పుకునేది. ఎందుకో తెలియదంటే మాత్రం తాళం తీసేది కాదు. కనుక్కుని రమ్మనేది. పిల్లలు మొహాలు మాడ్చుకుని మెట్ల దాకా వెళ్ళి, అక్కడే నిలబడి ఆలోచించుకుని, మళ్ళీ వచ్చేవారు.

మామూలు గొంతయితే ఇదంతా ఆ గదిలోనే ఉండిపోయేది. తాళాల మేడం గొంతు అలాంటిది కాదు. మూడో అంతస్తులో ఆమె ఫోన్ ఎత్తితే, ఎవరు లెక్కల్లో తప్పారో కింద సైకిల్ స్టాండు కాపలాదారుకి కూడా తెలిసిపోయేది. "మీకు ఫోనెందుకు మేడం, కిటికీ తీస్తే చాలదా?" అనేవాడు రెండో బల్ల దగ్గర కూర్చునే కుర్ర సలహాదారు. ఉద్యోగంలో చేరిన వారానికే అతను చెవులు రెండూ మూసుకుపోయేంత పెద్ద హెడ్‌సెట్ ఒకటి కొనుక్కుని వచ్చాడు. దాంతో అతని పేరు హెడ్‌సెట్ అయి కూర్చుంది. దాన్ని తగిలించుకోబోయే ముందు ఆమె వైపు తిరిగి ఓ నమస్కారం పెట్టేవాడు. ఆమె కూడా నవ్వి, "పెట్టుకో తమ్ముడూ, ఇవాళ చాలామంది ఉన్నారు" అనేది.

ఆ గొంతుకి కారణం ఇంట్లో ఉంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. అక్కకి భర్త పోయాక ఇద్దరూ ఒక ఇంట్లో చేరారు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. అక్క పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి, రిటైరయింది. ఆ తర్వాత చెవులు మెల్లగా మందగించాయి. చెల్లెలు చెవి మిషన్ కొనిచ్చింది కానీ, అక్క దాన్ని పెట్టెలోంచి బయటికి తీసిన పాపాన పోలేదు.

"పెట్టుకోవచ్చు కదే అక్కా."

"అది పెట్టుకుంటే నీ గొంతు వినపడుతుంది. నాకెందుకొచ్చిన బాధ?"

కాబట్టి చెల్లెలే గొంతు పెంచుకుంటూ పోయింది. పొద్దున ఏం వండాలో అరిచి అడగడం, సాయంత్రం ఏం జరిగిందో అరిచి చెప్పడం. కాస్త తగ్గిందంటే అక్క చెయ్యి చెవి వెనక పెట్టి, "నోట్లో నోట్లో గొణక్కు, గట్టిగా చెప్పు" అనేది. కింద వాటా ఇల్లాలు మెట్ల దగ్గర ఎదురైతే, "మా ఆయనకి పేపరు అక్కర్లేదండీ, మీ ఇంటి కింద కూర్చుంటే చాలు" అని నవ్వేది.

సాయంత్రం కబుర్లన్నీ పిల్లల గురించే. పేర్లు చెప్పేది కాదు. లెక్కలకి భయపడే పొడుగు పిల్లాడు, వాళ్ళ నాన్న కోరిక చదువుతున్న కళ్ళజోడు పిల్ల, అలా. అక్క కళ్ళు మూసుకుని విని తీర్పు చెప్పేది. "ఆ పొడుగువాణ్ణి లెక్కల్లోంచి తీసెయ్. మొహం చూడకుండానే చెప్తున్నా, వాడు బాగుపడతాడు." ఆ తీర్పులు ఆమె పాటించేదో లేదో కానీ, వినకుండా మాత్రం నిద్రపోయేది కాదు.

అక్కకి అందరిలోకీ ఇష్టమైన పిల్ల ఒకతె ఉంది. మొదటి ఏడు తాళం తీయించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. తల్లికి లాండ్రీ ఉంది. కాలేజీ నుంచి తిన్నగా అక్కడికే పోతుంది. కోర్సుల పేర్లు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది.

"కెమిస్ట్రీ ఎందుకు?" అని అడిగింది ఈమె.

ఆ పిల్ల చాలాసేపు బల్ల అంచు గీకింది. "కొన్ని మరకలు పోతాయి మేడం, కొన్ని పోవు. ఎందుకు పోవో అమ్మకి తెలీదు, సబ్బులమ్మే ఆయనకీ తెలీదు. నాకు తెలుసుకోవాలనుంది."

తాళం అప్పటికప్పుడు తీసేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్తే, అక్క కళ్ళు తెరిచి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి సెమిస్టర్ ముందూ, "మన మరకల పిల్ల వచ్చిందా? ఏం తీసుకుంది?" అని అడగడం మామూలైపోయింది.

అక్క వానాకాలంలో పోయింది. మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీసింది, లేవలేదు. చెల్లెలు సాయంత్రం వచ్చి, తలుపు తీస్తూనే ఆ రోజు కబురు అరవడం మొదలుపెట్టింది. సగం చెప్పాక గానీ తెలియలేదు.

రావలసిన వాళ్ళు వచ్చారు, చేయవలసినవి చేశారు. కింద వాటా ఇల్లాలు భుజం పట్టుకుని, "ఏడ్చెయ్యమ్మా, లోపల పెట్టుకోకు" అంది. లోపల ఏమీ లేదండీ అని చెప్పాలనిపించింది ఆమెకి. బాగుండదని ఊరుకుంది. ఏడుపు వస్తుందేమోనని తనూ కొన్నాళ్ళు ఎదురు చూసింది. ఆలస్యమైన బస్సు కోసం చూసినట్టు చూసి, ఇక రాదని ఇంటిముఖం పట్టినట్టే మానేసింది. సెలవు ఇంకా మిగిలుండగానే ఆఫీసుకి వచ్చేసింది.

చల్లటి నీళ్ళలో చాలాసేపు ఉంచిన చెయ్యిలా అయిపోయింది మనిషి. చెయ్యి ఉంటుంది, వేళ్ళు కదులుతాయి, పట్టుకున్నదేమిటో మాత్రం తెలియదు. టీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక కూడా చెప్పలేకపోయేది. ఇంట్లో రెండో కుర్చీని చూస్తే బాధ కలగాలి కదా అని కావాలనే చూసేది. అది కుర్చీలాగే ఉండేది.

గొంతు కూడా పడిపోయింది. జలుబు కాదు, జబ్బు కాదు. ఇంట్లో అరిచి చెప్పవలసిన పని లేకపోయాక గొంతు తనంతట తనే తగ్గింది. ఫోన్లో పిల్లలు "హలో? మేడం? సిగ్నల్ లేదా?" అని వాళ్ళే అరవడం మొదలుపెట్టారు. పిల్లలు ఎదుట కూర్చుంటే ఆ ప్రశ్న మాత్రం అడిగేది. చూడకుండా చెప్పు, ఒక్కోటీ ఎందుకు? జవాబు ఏది చెప్పినా తల ఊపేది. హెడ్‌సెట్ తన హెడ్‌సెట్ తీసి సొరుగులో పడేశాడు. మొదట్లో హాయిగానే ఉందనుకున్నాడు. తర్వాత తర్వాత పాటలు పెట్టుకోవడానికి కూడా దాన్ని తీయలేదు. మధ్య మధ్యలో తల ఎత్తి ఆమె వైపు చూసి, మళ్ళీ పనిలో పడేవాడు.

అలా ఉండగా మళ్ళీ రిజిస్ట్రేషన్ వారం వచ్చింది.

వచ్చినవాళ్ళు వచ్చి వెళ్ళారు. రానివాళ్ళకి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఒకడు, "బస్సులో ఉన్నా మేడం, దిగాక చేస్తా" అన్నాడు.

"నిన్నా బస్సులోనే ఉన్నావు కదా నాయనా."

"ఏంటి మేడం? వినపడట్లేదు. అవును మేడం. బస్సులోనే."

ఇంకొకతె ఫోన్ ఎత్తి, "మేడం ఇంట్లో లేరండీ" అని పెట్టేసింది. ఎవరు ఎవరికి చేశారో ఆ పిల్లకి నిద్రమత్తులో తెలియలేదు కాబోలు. వెనకటి రోజుల్లో అయితే ఈ ముక్క చాలు, అక్కాచెల్లెళ్ళిద్దరూ అన్నం మానేసి నవ్వేవారు. ఇప్పుడు ఆమె తర్వాతి నంబరు నొక్కింది. అది మోగి మోగి ఆగిపోయింది. దాని తర్వాతిది స్విచాఫ్.

అప్పుడామె చేసిన పని కోపంతో చేసింది కాదు, విసుగుతోనూ కాదు. అవైనా ఉంటే ఎవరైనా అర్థం చేసుకునేవారు. ఫోన్ కింద పెట్టింది. తెర మీద మిగిలిన పేర్లన్నిటి పక్కనా టిక్కులు పెట్టింది. "తాళం తీయుము" అన్న చోట నొక్కింది. విద్యార్థితో మాట్లాడారా అని కంప్యూటర్ అడిగింది. మాట్లాడాను అని నొక్కింది. ఎర్ర తాళాలన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.

"అయిపోయాయా మేడం అప్పుడే?" అన్నాడు హెడ్‌సెట్.

"అయిపోయాయి."

అతను తన తెర వైపు చూసుకుని ఈల వేశాడు. "నావింకా సగమున్నాయి. మీ చెయ్యి పడితే చాలు."

రిజిస్ట్రేషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం కెమిస్ట్రీ మాస్టారు తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశాడు. తెల్లకోటు మీద ఎప్పుడూ ఏవో మచ్చలతో ఉండే మనిషి. "మా లాండ్రీ అమ్మాయి మానేసిందా ఏంటండీ?" అన్నాడు.

"మానెయ్యడమేంటి?"

"ఆఖరేడు వాళ్ళందరూ అనలిటికల్ ల్యాబ్‌లో పేరు నమోదు చేసుకున్నారు. ఆ అమ్మాయిది ఒక్కటే లేదు. ఇవాళ ఆఫీసు మూశారంటే ఇక నేను చేర్చుకోలేను. మందులూ, సామానూ ఉన్న పేర్లకే తెప్పిస్తారు. మళ్ళీ పెట్టేది వచ్చే ఏడే."

ఆమె ఆ పిల్ల పేరు తెరిచింది. తాళం పచ్చగా ఉంది. మాట్లాడాను అని ఉంది. ల్యాబ్ ఉండాల్సిన చోట, సభల్లో మాట్లాడే మెలకువలు నేర్పే సాయంత్రం కోర్సు ఒకటి ఉంది.

గుండె జల్లుమనాల్సిన చోటు అది. అనలేదు. అనలేదన్న సంగతిని కూడా ఆమె దూరం నుంచి చూసింది. ఆ ల్యాబ్ లేకుండా డిగ్రీ ఇవ్వరని తెలుసు. ఒక్క కోర్సు తక్కువైనవాళ్ళని ఈ ఉద్యోగంలో ఎంతోమందిని చూసింది. వచ్చే ఏడు పూర్తిచేస్తాం మేడం అని అందరూ అంటారు. మందుల షాపులో చిల్లర ఇస్తూ ఒకడు, బస్సులో టికెట్లు కొడుతూ ఒకడు, ఇప్పటికీ ఆమె కనబడితే అదే మాట అంటారు. ఈ పిల్లని ఈ ఒక్క ఏడుకీ పంపడానికే తల్లి ఎంత గొడవ చేసిందో కిందటి సెమిస్టర్‌లో విన్నది. అప్పుడు ఆ ముక్క ఇంటికెళ్ళి చెప్తే, అక్క, "గట్టెక్కించవే, ఇంకొక్క ఏడే కదా" అంది.

ఆమె ఫోన్ చేసింది. ఎత్తారు. వెనకాల మిషన్ల హోరు.

"ఎవరూ? హలో?" తల్లి గొంతు.

"నేను కాలేజీ నుంచి మాట్లాడుతున్నాను. అమ్మాయిని ఒకసారి..."

"వినపడట్లేదండీ. బట్టలైతే రేపు రండి." పెట్టేసింది.

మళ్ళీ చేసింది. "రేపన్నాను కదండీ!" మళ్ళీ పెట్టేసింది. ఆ తర్వాత మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. అది చేరినట్టూ, ఎవరూ చూడనట్టూ చూపించింది.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది. కంగారు లేదు, బెంగ లేదు. వెళ్ళాలి అన్నది ఒక్కటే ఉంది. ఇంటికెళ్ళేప్పుడు లైటు ఆర్పాలి అన్నట్టుగా.

"ఎక్కడికి మేడం?" అన్నాడు హెడ్‌సెట్.

"లాండ్రీకి."

అతను ఆమె చేతులకేసి చూశాడు, బట్టల మూట లేదు. కెమిస్ట్రీ మాస్టారి మొహంకేసి చూశాడు. ఇంకేమీ అడక్కుండా స్కూటర్ తాళంచెవి అందుకున్నాడు. దారిలో సందుల్లోంచి తిప్పుతూ, "గట్టిగా పట్టుకోండి మేడం, మీరు పడిపోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. పట్టుకుంది. గాలి మొహానికి కొట్టింది. ఎక్కడ మలుపు తిరగాలో భుజం తట్టి చెప్పింది.

లాండ్రీ ఒక పొడుగాటి గది. రోడ్డు వైపు బల్ల, దాని మీద చీటీలు గుచ్చిన మూటలు. లోపల గోడ పొడుగునా గుండ్రటి అద్దాల తలుపుల మిషన్లు, వాటిలో హోటలు దుప్పట్లు పొర్లుతున్నాయి. మధ్యలో ఆవిరి ఇస్త్రీ బల్లలు. మిషన్లన్నీ ఒకేసారి తిరుగుతుంటే కాళ్ళ కింద నేల కూడా సన్నగా వణుకుతోంది. బల్ల దగ్గర తల్లి నిలబడి ఉంది. కుడి మణికట్టుకి కట్టు. ఎడం చేత్తో చొక్కాలు మడతపెడుతోంది. ఆమె వెనక సబ్బు పొట్లాల అలమరలో ఫోన్ వెలుగుతూ ఆరుతూ ఉంది.

"చీటీ ఉందా అండీ?"

"నేను కాలేజీ నుంచి వచ్చాను. మీ అమ్మాయితో..."

తల్లి చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. "మిషన్లు ఆడుతున్నాయి, కనపడట్లా? నోట్లో నోట్లో గొణిగితే ఎలా? గట్టిగా చెప్పండి."

తాళాల మేడం ఆ చేతికేసి చూసింది. చెవి వెనక, కాస్త ముందుకి వంచి పెట్టిన చెయ్యి. నోరు తెరిచింది.

"మీ అమ్మాయి ఎక్కడుందీ అని!"

ఇస్త్రీ చేస్తున్నవాళ్ళిద్దరూ పెట్టెలు ఎత్తిపట్టి ఆగిపోయారు. రోడ్డు మీద స్కూటర్ స్టాండు వేస్తున్న హెడ్‌సెట్ ఉలిక్కిపడి తల తిప్పాడు. లోపల చివరి మిషన్ వెనక నుంచి ఆ పిల్ల లేచింది. మోచేతుల దాకా నురగ.

"మేడం! మీరేంటి ఇక్కడ?"

"ఏం తప్పు చేసిందండీ?" అంది తల్లి. "అది ఇంటికీ కాలేజీకీ తప్ప ఎక్కడికీ పోదు."

"తప్పు అది చెయ్యలేదు! ఏమ్మా, అనలిటికల్ ల్యాబ్ ఎందుకు తీసుకోలేదు?"

ఆ పిల్ల చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి బల్ల దాకా వచ్చింది. "అది పొద్దున క్లాసు మేడం. ఆ టైముకే హోటలు దుప్పట్లు పంపాలి. అమ్మ చెయ్యి చూశారుగా. దాని బదులు సాయంత్రం కోర్సు పనికొస్తుందేమో మిమ్మల్ని అడుగుదామనే అనుకున్నా. ఈలోగా చూస్తే తాళం తీసేసి ఉంది. మీరు తీశారంటే అంతా చూసే తీసుంటారు కదా అని..."

"చూడలేదు."

"ఆఁ?"

"చూడలేదమ్మా! చూడకుండా తీశాను! ఆ కోర్సు దీనికి బదులు రాదు! ఈ ల్యాబ్ లేకపోతే నీకు డిగ్రీ లేదు! ఇవాళ సాయంత్రంతో ఆఖరు!"

సిగ్గు వేస్తుందని ఆమె అనుకుంది. అంతమంది ఎదుట అరిచి చెప్పుకోవలసిన మాట కాదు అది. సిగ్గు కూడా రాలేదు. వేరెవరో చేసిన పని గురించి చెప్తున్నట్టుంది. ఆ పిల్ల మొహం మాత్రం కళ్ళెదుటే పాలిపోయింది. అది కనిపించింది.

"పోనీ వచ్చే ఏడు రాసుకుంటుందిలెండి," అంది తల్లి, మడతపెడుతూనే.

"వచ్చే ఏడు పంపుతారా?"

తల్లి చేతిలో చొక్కా మెడ సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. "అబద్ధమెందుకు చెప్పాలి? పంపను. నా చేత కావట్లేదు. ఇదే ఆఖరేడని దానికి ముందే చెప్పా. ఏమే, చెప్పానా లేదా?"

ఆ పిల్ల తల వంచుకుని, "చెప్పావు" అంది.

తాళాల మేడం తల్లితో వాదించలేదు. చదువు గొప్పదని చెప్పలేదు. ఆ మాటలు వెతికి చూసుకుంది కానీ ఏదీ చేతికి తగల్లేదు. చేతికి అలవాటైన పని ఒక్కటే ఉంది. పిల్ల వైపు తిరిగింది.

"చూడకుండా చెప్పు. ఏమేం తీసుకుంటున్నావు? ఒక్కోటీ ఎందుకు?"

"ఇప్పుడా మేడం?"

"ఇప్పుడే! గట్టిగా!"

ఆ పిల్ల మిషన్ల హోరు మీదుగా అరిచి చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి తప్పనిసరి కనుక. ఇంకొకటి కిందటేడు అర్థం కాలేదు కనుక. బట్టల కోసం వచ్చిన ముసలాయన ఒకాయన చీటీ పట్టుకుని, తన వంతు కోసం నిలబడ్డట్టే నిలబడి వింటున్నాడు. ల్యాబ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల గొంతు ఆగింది.

"అదెందుకు?"

"తుప్పు మరకలు మేడం! హోటలు దుప్పట్ల మీద పడతాయి చూడండి! అమ్మ వాటిని రుద్ది రుద్దే చెయ్యి అలా చేసుకుంది! ఆ మరకలో ఏముందో, దాన్ని ఏది పట్టుకుంటుందో నేనే చేసి చూడాలి! పుస్తకంలో ఉంది, కానీ చూడాలి!"

తల్లి చేతిలో మడత ఆగింది. "ఈ మాట నాతో ఎప్పుడైనా అన్నావటే?"

"ఈ మోతలో నీకేం వినపడుతుందమ్మా!"

తల్లి బల్ల మీద పెట్టిన కట్టు చేతిని చూసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి అలమరలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "ముందు అదేదో నొక్కి చావు. దుప్పట్లు రాత్రే పంపుతాం, లేకపోతే వాళ్ళనే వచ్చి పట్టుకెళ్ళమందాం. వినకపోతే ఇంకో హోటలు."

ఆ పిల్ల నొక్కింది. వేళ్ళ తడికి తెర కదల్లేదు. మళ్ళీ నొక్కింది. తల్లి విసుక్కుని, అందినదాంతో ఆ వేళ్ళు తుడిచింది.

"అమ్మా, అది బ్యాంకాయన చొక్కా!"

"మళ్ళీ ఉతుకుతావులే. నొక్కు."

సాయంత్రం కోర్సు పోయింది. ల్యాబ్ వచ్చింది. పేరు నమోదైంది అని పచ్చగా వచ్చినదాన్ని ఆ పిల్ల ఫోన్ తిప్పి చూపించింది. తాళాల మేడం చూసింది. ఈసారి ఒక్కో అక్షరం చదివింది. "సరే" అంది.

"టీ తాగి వెళ్ళండి," అంది తల్లి. ముసలాయన అప్పుడు చీటీ ముందుకి చాపి, "నా ప్యాంటు సంగతేమన్నా చూస్తారా, లేక నేనూ ఏ కోర్సో చెప్పాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. తాళాల మేడం నవ్వలేదు. టీ కూడా తాగలేదు. మిగతావాళ్ళని కూడా చూడాలి అని మాత్రం హెడ్‌సెట్‌తో అంది. అతనికి అర్థం కాలేదు. దారిలో చెప్పింది. మాట్లాడకుండానే మాట్లాడాను అని నొక్కిన పేర్లు ఎన్ని ఉన్నాయో చెప్పలేదు, ఉన్నాయని మాత్రం చెప్పింది. అతను స్కూటర్ నడుపుతూనే, "ల్యాబులు తప్ప మిగతా కోర్సులు క్లాసులు మొదలైన వారంలో కూడా మార్చుకోవచ్చు కదా మేడం" అన్నాడు. "అవును" అంది. "సగం నాకివ్వండి." "వద్దు తమ్ముడూ. నేనే మాట్లాడాలి."

ఇంటికెళ్ళి తలుపు తీసి, ముందు గదిలో నిలబడింది. మరకల పిల్ల ఏం తీసుకుందో చెప్పడానికి ఉంది. చెప్పలేదు. తన కుర్చీలో కూర్చుంది. గొంతు మండుతోంది, ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టు. లేచి నీళ్ళు కాచుకుని తాగింది. నీళ్ళు గొంతు దాటుతున్నప్పుడు నొప్పి పుట్టింది. గ్లాసు దింపి, ఇంకో గుక్క తాగి చూసింది. మళ్ళీ నొప్పి పుట్టింది. మొత్తం తాగేసి పడుకుంది. నిద్ర ఎప్పటిలాగే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే సీట్లో కూర్చుని మొదటి నంబరు నొక్కింది.

"హలో... మేడం, బస్సులో ఉన్నా..."

"బస్సు దిగు!"

"ఆఁ?"

"దిగి, ఏదైనా అరుగు మీద కూర్చుని, చూడకుండా చెప్పు! ఏమేం తీసుకున్నావు? ఒక్కోటీ ఎందుకు?"

"మేడం, కానీ తాళం తీసేశారుగా..."

"తీశాను, తప్పు చేశాను! చెప్పు!"

అవతల పిల్లవాడు నిజంగానే బస్సులో ఉన్నాడో లేడో, కండక్టరుని ఆపమని కేక మాత్రం వినపడింది. కింద సైకిల్ స్టాండు కాపలాదారు తలెత్తి మూడో అంతస్తు కిటికీ వైపు చూశాడు. ఆమె అదేమీ గమనించలేదు. ఆ పిల్లవాడు చెప్పేది వింటూ ఒక్కో కోర్సు దగ్గరా ఆపి అడుగుతోంది, అతను తడబడిన చోట మళ్ళీ అడుగుతోంది. మొహం నిన్నటిలాగే ఉంది. మొన్నటిలాగే ఉంది.

రెండో బల్ల దగ్గర కుర్ర సలహాదారు సొరుగు తెరిచాడు. కాగితాల అడుగు నుంచి హెడ్‌సెట్ పైకి లాగి, దాని మీది దుమ్ము చొక్కాకి తుడిచాడు. ఆమె వైపు తిరిగి నమస్కారం పెట్టబోయి, ఆమె ఇటు చూడటం లేదని చెయ్యి దించి, చెవులకి తగిలించుకున్నాడు.